సన్నని ల్యాప్‌టాప్ గట్టిదనం ఎక్కడ చూడాలి?

ప్రశ్న: మా అమ్మాయికి విజయవాడలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. షాపులో 14 అంగుళాల సన్నని ల్యాప్‌టాప్ ఒకటి చూపించారు. బరువు 1.3 కిలోలు, మెటల్ బాడీ, మిలిటరీ గ్రేడ్, ర్యామ్ (మెమరీ) 8 జీబీ, ధర 60 వేల లోపు అన్నారు. అయితే మా పెద్దబ్బాయికి కొన్న సన్నని ల్యాప్‌టాప్ హింజ్ (మూతను ఒంటికి కలిపే మడతబందు) ఏడాది నిండకముందే విరిగింది. వారంటీ ఉన్నా సర్వీస్ సెంటర్ వాళ్లు అది ఫిజికల్ డ్యామేజ్ అని పంపేశారు. అప్పటి నుంచి ఇలాంటి వాటి మీద నమ్మకం కుదరడం లేదు. నాలుగేళ్లు నిలుస్తుందో లేదో కొనేముందే తెలుసుకునే మార్గం ఉందా?
– ఒక తండ్రి, తెనాలి

సమాధానం: కొనేముందే చాలావరకు తెలుసుకోవచ్చండి. అయితే షాపులో మనకు చూపించే గుణాలు వేరు, ల్యాప్‌టాప్‌ను నాలుగేళ్లు నిలబెట్టే గుణాలు వేరు. మందం, బరువు, లోహపు మెరుపు, పెట్టె మీద అచ్చువేసిన బిరుదులు కౌంటరు మీదే కనిపిస్తాయి. మూత తెరిచి మూసిన ప్రతిసారీ మన చేతి బలం లోపల ఎక్కడికి వెళ్లి పడుతోంది, మూడో ఏడు బ్యాటరీ నీరసించినప్పుడు దాన్ని మార్చడానికి ఎంత విప్పాలి అన్న రెండు సంగతులు మాత్రం అడిగితే గాని, వెతికితే గాని బయటపడవు. సన్నని ల్యాప్‌టాప్ మన్నికను తేల్చేవి ముఖ్యంగా ఈ రెండేనని నా అభిప్రాయం. సన్నగా ఉన్నంత మాత్రాన బలహీనమని అనుకోనక్కర్లేదు. ఎక్కడ పలచన చేశారన్నదే అసలు సంగతి.

మీ పెద్దబ్బాయి ల్యాప్‌టాప్‌కు ఏం జరిగి ఉంటుందో ముందు చూద్దాం, ఎందుకంటే రిపేరు బల్లల మీదికి వచ్చే సన్నని ల్యాప్‌టాప్‌లలో హింజ్ ఫిర్యాదు చాలా మామూలు. రిపేరు చేసేవాళ్లు ల్యాప్‌టాప్ ఒంటిని నాలుగు పలకలుగా చెప్పుకుంటారు. మూత వెనుక భాగం 'ఏ' ప్యానెల్, స్క్రీన్ చుట్టూ ఉండే అంచు బీ ప్యానెల్, కీబోర్డు ఉండే పై భాగం సీ ప్యానెల్, అడుగు భాగం డీ ప్యానెల్. హింజ్ ఉక్కుతో చేసింది, అది విరగడం అరుదు. దాని ఒక చెయ్యి 'ఏ' ప్యానెల్‌కూ, రెండో చెయ్యి సీ ప్యానెల్‌కూ బిగించి ఉంటాయి. చవక మోడళ్లలో సీ ప్యానెల్ ప్లాస్టిక్‌లోనే చిన్న బొడిపెలు పోసి, ఒక్కొక్క దానిలో ఇత్తడి మర ఒకటి దించి, ఆ మరలోకి స్క్రూ తిప్పుతారు. 'హింజ్ విరిగింది' అని వచ్చిన ల్యాప్‌టాప్‌ను విప్పి చూస్తే చాలాసార్లు హింజ్ చెక్కుచెదరకుండా ఉంటుంది, స్క్రూ కూడా మరలో అలాగే బిగిసి ఉంటుంది. ఆ ఇత్తడి మర మాత్రం చుట్టూ ఉంగరంలా ప్లాస్టిక్ పెళ్లను అంటించుకుని బొడిపెలోంచి ఊడి వచ్చి ఉంటుంది. తలుపు ఎంత మంచి టేకుదైనా, మడతబందు మేకులు దిగిన గుమ్మం పుచ్చుదైతే ఆ తలుపు నిలవనట్టే ఇదీ.

స్క్రీన్‌ను ఏ కోణంలో వదిలితే ఆ కోణంలో నిలబడాలంటే హింజ్‌లో కొంత రాపిడి ఉండి తీరాలి. ల్యాప్‌టాప్ సన్నబడినంత మాత్రాన ఆ రాపిడి అవసరం తగ్గదు. దాన్ని ఓర్చుకోవాల్సిన బొడిపె మాత్రం పొట్టిదవుతుంది, దాని గోడ పలచబడుతుంది. దీనికి తోడు నెలలు గడిచేకొద్దీ హింజ్‌లోని గ్రీజు ఎండి, దుమ్ము చేరి, కదలిక బిగుసుకుంటుంది. అది బిగుసుకున్నకొద్దీ మనం మూతను ఇంకాస్త బలంగా లాగుతాం, అదీ మధ్యలో పట్టుకుని కాదు, చేతికి అందిన మూల పట్టుకుని. ఆ మెలి అంతా ఒక వైపు హింజ్ మీదే పడి, అటువైపు మర ముందు వదులవుతుంది. ఆ తర్వాత బరువంతా రెండో వైపు మోయాల్సి వస్తుంది. రోజుకు పదిసార్లు తెరిచి మూసే విద్యార్థి నాలుగేళ్లలో 14 వేలకు పైగా సార్లు ఆ పని చేసినట్టు లెక్క. వేలసార్లు తెరిచి మూసి పరీక్షించామని కంపెనీలు చెప్పే మాటను నేను కొట్టిపారేయను. కానీ పరీక్ష యంత్రం ఒకే తీరున, ఒకే వేగంతో తెరుస్తుంది. క్లాసుకు ఆలస్యమైన పిల్లల చెయ్యి అలా తెరవదు.

లోహపు మూత ఉంటే ఈ బెడద ఉండదని అనుకోవడం సహజం, షాపువాళ్లు చెప్పేదీ అదే. ఇక్కడ ఒక్క ప్రశ్న అడగండి: నాలుగు పలకల్లో లోహం ఏది? చాలా మోడళ్లలో 'ఏ' ప్యానెల్ ఒక్కటే అల్యూమినియం రేకు, మిగిలినవి ప్లాస్టిక్. దాన్నే 'మెటల్ బాడీ' అంటారు. ఆ రేకు కూడా స్క్రూ మరను పట్టుకునేంత మందం ఉండదు కాబట్టి, హింజ్ పట్టీని రేకు లోపలి వైపు జిగురుతో అతికించిన రకాలు ఉన్నాయి. కొన్నాళ్లకు ఆ అతుకు వదిలి, మూత తెరవబోతే స్క్రీన్ ఒకవైపు, వెనుక రేకు మరోవైపు పోతాయి. లోహపు దిమ్మను తొలిచి చేసిన ఒళ్లు వేరు, రేకును అచ్చులో నొక్కి చేసిన ఒళ్లు వేరు. రెండూ చేతికి చల్లగానే తగులుతాయి కనుక తాకి చూసి తేల్చలేం. కొన్ని కంపెనీలు ఏ పలక దేనితో చేశారో తమ వివరాల పత్రంలో రాస్తాయి. ఉదాహరణకు లెనోవో సంస్థ పీఎస్‌రెఫ్ అనే పేరుతో ప్రతి మోడల్‌కూ ఉంచే పత్రంలో 'కేస్ మెటీరియల్' అనే వరుస ఉంటుంది, పైభాగం దేనితో, అడుగు దేనితో చేశారో అందులో చూడవచ్చు. అన్ని పలకలూ ప్లాస్టికే అని అందులో ఉన్నా నేను వెంటనే కాదనను. పాలికార్బొనేట్ కలిపిన మంచి ప్లాస్టిక్ లోపల లోహపు చట్రం ఉంటే, పలచని రేకు మూత కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇక షాపులో చేయాల్సిన పని. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద ఉంచి, ఎడమచేతి చూపుడువేలిని సీ ప్యానెల్ మూలన, హింజ్‌కు ఆనుకుని పెట్టండి. కుడిచేత్తో మూతను పై అంచు మధ్యలో పట్టుకుని నిదానంగా తెరవండి, మళ్లీ మూయండి. మూత కదులుతున్నప్పుడు వేలి కింద పలక వెంట్రుకవాసి లేచినట్టు తెలిసినా, బీ ప్యానెల్ అంచు దగ్గర కిర్రుమన్నా ఆ మోడల్ వద్దు. రెండోవైపు కూడా ఇలాగే చూడండి. మూత తెరిచినప్పుడు అడుగు భాగం కూడా పైకి లేస్తుంటే హింజ్ బిగువు ఎక్కువగా ఉందని అర్థం. తేలికైన ల్యాప్‌టాప్‌లో కొంతవరకు ఇది సహజమే అయినా, ప్లాస్టిక్ బొడిపెలున్న ఒంటికి అంత బిగువు మంచిది కాదు. రెండు మూలల్లో రెండు పొట్టి హింజ్‌లు ఉన్న మోడల్ కంటే, వెడల్పైన హింజ్‌లు ఉన్న మోడల్‌లో బలం ఎక్కువ చోటికి పంపకమవుతుంది కనుక దాన్నే ఎంచుకోండి.

ఈ పరీక్షను సీలు విప్పని కొత్త పీసు మీద కాకుండా, కౌంటరు మీద ఉంచిన డిస్‌ప్లే పీసు మీద చేయడమే మేలు. దాన్ని ఎందరో అపరిచితులు తమకు తోచినట్టు తెరిచి, మూసి, మూల పట్టుకుని ఎత్తి, కీబోర్డు నొక్కి చూసి ఉంటారు. డబ్బు పెట్టకుండానే మీకు దొరికే వాడకపు పరీక్ష అది. దాని హింజ్ పక్కన అంచులు ఎడం అయ్యాయా, టచ్‌ప్యాడ్ కుడి ఎడమ మూలలు ఒకేలా నొక్కుకుంటున్నాయా, యూఎస్‌బీ సాకెట్లు వదులయ్యాయా, అడుగున రబ్బరు కాళ్లు ఊడాయా చూడండి. కొద్ది నెలల కౌంటరు వాడకానికే మూత ఊగిసలాడే స్థితికి వచ్చిన మోడల్ హాస్టల్లో నాలుగేళ్లు ఆగదు. కొనేటప్పుడు మాత్రం సీలు ఉన్న పెట్టెనే అడగండి.

కీబోర్డు మధ్యలో వేలితో నొక్కి, పలక కుంగితే నాసిరకమని తేల్చడం అందరూ చేసే పని. నాకు అది అంత నమ్మదగిన పరీక్షగా తోచదు. ఎల్జీ గ్రామ్ 14 అంగుళాల మోడళ్లలో కొన్ని ఒక కిలోకు గ్రాము తక్కువ, 999 గ్రాములే తూగుతాయి. మెగ్నీషియం మిశ్రమలోహంతో చేసిన ఆ ఒళ్లు నొక్కితే లొంగుతుంది, వదిలితే యథాస్థితికి వస్తుంది, ఆ లొంగుబాటే కొన్ని దెబ్బలను మింగుతుంది. లొంగని అల్యూమినియం కింద పడితే సొట్ట పడుతుంది, ఆ సొట్ట మూలలో పడితే మూత సరిగా మూసుకోదు. కనుక కీబోర్డు కుంగిందని భయపడకండి. మూత వెనుక మధ్యలో బొటనవేలితో మెల్లగా ఒత్తినప్పుడు స్క్రీన్ మీద అలల్లాంటి మరకలు కనిపిస్తే మాత్రం పట్టించుకోండి. పుస్తకాలతో కిక్కిరిసిన సంచిలో, ఆర్టీసీ బస్సు పైఅరలో, ఆ మూత మీద ఏదో ఒకటి ఒత్తుతూనే ఉంటుంది. సన్నని ల్యాప్‌టాప్‌లలో స్క్రీన్‌కూ కీబోర్డుకూ మధ్య ఎడం దాదాపు ఉండదు కాబట్టి, కీబోర్డు మీద పెన్నో ఇయర్‌ఫోనో మరిచి మూస్తే స్క్రీన్ పగులుతుంది. ఈ ఒక్క జాగ్రత్త మీ అమ్మాయికి మొదటి రోజే చెప్పండి.

మిలిటరీ గ్రేడ్ అనే మాటకు ఆధారం ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 అనే అమెరికా రక్షణ శాఖ ప్రమాణం. అది 1962లో మొదలైంది, ఇప్పటి ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే 810హెచ్ కూర్పు 2019 నాటిది. వేడి, చలి, తేమ, ఇసుక, కంపనం, కుదుపు వంటి వాటికి ఒక వస్తువును ఎలా గురిచేసి చూడాలో చెప్పే పద్ధతుల సంపుటి అది. పరీక్షించి ముద్ర వేసే అధికారి ఎవరూ దాని వెనుక లేరు. ఏ పద్ధతులు తీసుకోవాలో, ఎంత తీవ్రతతో చేయాలో తయారీదారే ఎంచుకుంటాడు. రవాణాలో కింద పడటాన్ని చూసే పరీక్షనే తీసుకోండి: 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు కలిపి 26 సార్లు పడేయాలి, కానీ ఆ 26 సార్లనూ ఐదు నమూనాల వరకు పంచుకోవచ్చు. కాబట్టి పెట్టె మీద ఆ ముద్ర ఉంటే, ఈ మోడల్‌ను కొన్ని పరీక్షలకు పెట్టారని మాత్రమే అనుకోండి. ఏ పరీక్షలో, ఎంత ఎత్తు నుంచో కంపెనీ వివరంగా చెప్పిన మోడల్‌కు, ఊరికే ముద్ర వేసి ఊరుకున్న మోడల్ కంటే ఎక్కువ విలువ ఇవ్వండి. ఎలా చూసినా, మూల పట్టుకుని వేలసార్లు తెరిచే హింజ్ గురించి ఆ సంపుటిలో ఏ పద్ధతీ లేదు.

ఇప్పుడు రెండో సంగతికి, అంటే బాగుచేసుకునే వీలుకు వస్తాను. నిజానికి దీన్నే నేను మొదటిదిగా ఎంచుతాను. నాలుగేళ్లలో ల్యాప్‌టాప్‌లో ఏదో ఒకటి అరిగి తీరుతుంది, బ్యాటరీ అందులో మొదటిది. మామూలు లిథియం బ్యాటరీ దాదాపు 300 నుంచి 500 పూర్తి ఛార్జి చక్రాలకు (నిండు బ్యాటరీ అంతా ఒకసారి వాడితే ఒక చక్రం) తన సామర్థ్యంలో ఐదో వంతు కోల్పోతుంది. రోజూ ఒక చక్రం వాడే విద్యార్థికి ఆ స్థితి రెండో ఏడు లోపలే రావచ్చు. వేడి, ఎప్పుడూ నూరు శాతం ఛార్జిలో ఉంచడం దాన్ని ఇంకా త్వరగా తెస్తాయి. మే నెలలో విజయవాడ హాస్టల్ గది వేడి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ చాలా కంపెనీల యాప్‌లలో ఉంది. ప్లగ్ పెట్టి ఉంచి పని చేసుకునే రోజుల్లో దాన్ని వాడమనండి. బ్యాటరీ స్క్రూలతో బిగించి ఉంటే అడుగు పలక తీసి మార్చడం అరగంట పని. చాలా సన్నని ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ టచ్‌ప్యాడ్ కిందే ఉంటుంది కాబట్టి, అది ఉబ్బితే టచ్‌ప్యాడ్ నొక్కడం గట్టిపడటమో, దాని అంచు పైకి లేవడమో తొలి గుర్తుగా కనిపిస్తుంది. ఆ గుర్తు కనిపించిన రోజే ఛార్జి పెట్టడం మానేసి షాపుకు తీసుకెళ్లాలి, దాన్ని నొక్కి సరిచేయబోకూడదు.

కీబోర్డు విషయంలో చాలామందికి తెలియని చిక్కు ఒకటి ఉంది. పాత ల్యాప్‌టాప్‌లలో రెండు మూడు స్క్రూలు తీస్తే కీబోర్డు పైకి వచ్చేది. ఇప్పటి సన్నని మోడళ్లలో కీబోర్డును సీ ప్యానెల్‌కు పదుల కొద్దీ ప్లాస్టిక్ మేకులతో కూర్చి, ఆ మేకుల తలలు వేడితో కరిగించి అణిచేస్తారు. ఒక్క అక్షరం మీట పనిచేయకపోయినా కంపెనీవాళ్లు సీ ప్యానెల్ మొత్తం మార్చాలంటారు. బయటి షాపువాళ్లు ఆ తలలు కోసి, కొత్త కీబోర్డు పెట్టి, సోల్డరింగ్ ఐరన్‌తో మళ్లీ కరిగించి అతుకుతారు. చెయ్యి తిరిగినవాళ్లు చేస్తే పనికొస్తుంది గాని మొదటి పట్టు రాదు. ఛార్జింగ్ సాకెట్ కూడా ఇలాంటిదే. గుండ్రని పిన్ను సాకెట్ చాలా మోడళ్లలో చిన్న కేబుల్‌తో విడిగా వస్తుంది, తక్కువ ఖర్చులో మారుతుంది. టైప్-సీ సాకెట్ నేరుగా మదర్‌బోర్డు మీద సోల్డర్ అయి (కరిగించిన లోహంతో అతికి) ఉంటే, అది వదులైన రోజు మదర్‌బోర్డు పని పడుతుంది. ఛార్జి అయ్యే టైప్-సీ సాకెట్లు రెండు ఉన్న మోడల్‌లో ఒకటి పాడైనా రెండోది ఆదుకుంటుంది.

ఇవన్నీ కొనేముందు ఎలా తెలుస్తాయని మీరు అడుగుతారు. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ దించుకుని చూడండి. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ చాలా మోడళ్లకు విప్పదీసే విధానాన్ని బొమ్మలతో సహా ఉచితంగా అందుబాటులో ఉంచుతాయి. మీ పెద్దబ్బాయి కూర్చుంటే అర్ధగంటలో చూసేయగలడు. అడుగు పలకకు ఎన్ని స్క్రూలు, వాటిలో కొన్ని రబ్బరు కాళ్ల కింద దాచారా, బ్యాటరీకి స్క్రూలా జిగురా, కీబోర్డు విడిభాగంగా జాబితాలో ఉందా లేక సీ ప్యానెల్‌తో కలిపే ఉందా, హింజ్‌కు ఒక్కోవైపు ఎన్ని స్క్రూలు, అవి లోహపు చట్రంలోకి దిగుతున్నాయా అన్నవి అందులో తేటతెల్లంగా ఉంటాయి. ఫ్రాన్స్‌లో 2021 జనవరి 1 నుంచి ల్యాప్‌టాప్‌లకు రిపేరు సౌలభ్యం మీద పదికి ఇన్ని మార్కులని చూపించి తీరాలి. మీరు చూసిన మోడలే అక్కడ కూడా అమ్ముడవుతుంటే ఆ మార్కు మీకూ పనికొస్తుంది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ప్రారంభించిన 'రైట్ టు రిపేర్' పోర్టల్‌లో కంపెనీలు ఉంచిన సర్వీస్, విడిభాగాల సమాచారం కూడా ఒకసారి చూడండి.

దీనికి మించిన మార్గం ఇంకొకటి ఉంది. కొనే షాపుకు వెళ్లే ముందు గుంటూరులోనో విజయవాడలోనో నాలుగు ల్యాప్‌టాప్‌లు విప్పి పెట్టుకున్న రిపేరు షాపుకు వెళ్లి, మోడల్ పేరు చెప్పి అడగండి. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అలాంటి బల్లలు వరసగా ఉంటాయి. 'దీనికి బ్యాటరీ దొరుకుతుందా, మూత వెనుక ప్యానెల్ దొరుకుతుందా, హింజ్‌లు ఎక్కువగా వస్తున్నాయా' అన్న మూడు ప్రశ్నలకు వాళ్లిచ్చే జవాబు, ప్రకటనలన్నిటి కంటే నమ్మదగినది. అమ్మే లాభం వాళ్లకు లేదు, ఆ మోడల్ కడుపులో ఏముందో వాళ్లకు తెలుసు.

గట్టిదనమూ, బాగుచేసుకునే వీలూ ఎప్పుడూ ఒకేచోట ఉండవని కూడా గుర్తుంచుకోవాలి. 2020 చివర్లో వచ్చిన యాపిల్ ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌ను తీసుకోండి. ఒళ్లంతా అల్యూమినియం, హింజ్ గట్టిది, అసలు ఫ్యానే లేదు కనుక దుమ్ము పీల్చుకునే బెడద లేదు. ఆ కంపెనీ బ్యాటరీకి 1000 చక్రాల లెక్క చెబుతుంది. కానీ ర్యామ్, స్టోరేజీ రెండూ బోర్డుకే సోల్డర్ అయి ఉంటాయి, బ్యాటరీ జిగురుతో అతికి ఉంటుంది, పాడైతే ఖర్చు బరువుగా ఉంటుంది. థింక్‌ప్యాడ్, ఎలైట్‌బుక్ వంటి ఆఫీసు శ్రేణులలో విప్పడం, మార్చడం సులువు, కొత్తవి కొనాలంటే మాత్రం మీరు చెప్పిన ధరలో కష్టం. ఆ ధరలో నాకు తోచిన మధ్యేమార్గం ఏమిటంటే, 1.3 కిలోలే కావాలన్న పట్టు సడలించి, 1.5 కిలోల దాకా వెళ్లడం. ఆ రెండు వందల గ్రాములు చాలాసార్లు హింజ్ కింద లోహపు పట్టీగానో, విడిగా ఉండే ర్యామ్ స్లాటుగానో, కాస్త పెద్ద బ్యాటరీగానో తిరిగి మీ చేతికే వస్తాయి. సంచిలో ఆ తేడా మీ అమ్మాయికి తెలియనే తెలియదు.

చల్లదనం గురించి క్లుప్తంగా చెబుతాను. ఫ్యాను ఉన్న సన్నని ల్యాప్‌టాప్ అడుగు నుంచి గాలి పీల్చుకుంటుంది, మంచం మీద పెట్టి వాడితే ఆ దారి మూసుకుపోతుంది. షాపులో పావుగంట ఏదైనా బరువైన పని నడిపించి, వేడిగాలి ఎటు వస్తోందో, చేతులు ఆనే చోటు కాలుతోందో చూడండి. ఏడాదికి ఒకసారి ఫ్యాను శుభ్రం చేయించాలి. లోహపు ఒంటి ల్యాప్‌టాప్ ఛార్జి పెట్టినప్పుడు చేతికి జిల్లుమంటుంటే ల్యాప్‌టాప్ పాడైందని కంగారుపడవద్దు. అడాప్టర్‌లోంచి వచ్చే అతి స్వల్ప విద్యుత్తు ఎర్తింగ్ లేని సాకెట్ వల్ల దిగిపోయే దారి లేక ఒంటి మీద తెలుస్తుంది. మూడు పిన్నుల అడాప్టర్‌ను ఎర్తింగ్ సరిగా ఉన్న సాకెట్‌లో పెడితే పోతుంది, పోకపోతే గది వైరింగ్‌ను ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. అడాప్టర్ మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ఆ గుర్తు భద్రతకు సంబంధించినదే తప్ప మన్నికకు హామీ కాదు.

మీరు చూసిన మోడల్ సంగతి. 8 జీబీ ర్యామ్ విడి స్లాటులో ఉండి, తర్వాత పెంచుకునే వీలుంటే, హింజ్ పరీక్షలో నెగ్గితే తీసుకోండి. ఆ 8 జీబీ బోర్డుకే సోల్డర్ అయి, వేరే స్లాటు లేకపోతే వద్దని చెబుతాను. ఒళ్లు నాలుగేళ్లు నిలిచినా, మూడో ఏడు ప్రాజెక్టు పని మొదలయ్యేసరికి ఆ ల్యాప్‌టాప్ చాలదు, చాలని యంత్రం ఎంత గట్టిగా ఉన్నా మీరు మరొకటి కొనాల్సిందే. సోల్డర్ రకమే నచ్చితే 16 జీబీది చూడండి.

వారంటీ విషయంలో ఈసారి ముందే జాగ్రత్తపడండి. మామూలు వారంటీ తయారీ లోపాలకే వర్తిస్తుంది, కింద పడటం, నీళ్లు ఒలకడం దానిలోకి రావు, హింజ్ ఊడటాన్ని కూడా అదే లెక్కలో వేయడానికి ప్రయత్నిస్తారు. అలాంటి ప్రమాదాలకు వర్తించే యాక్సిడెంటల్ డ్యామేజ్ రక్షణను కొన్న కొత్తలోనే, కంపెనీ ఇచ్చిన గడువు లోపల తీసుకోవాలి, అది షాపువాళ్ల సొంత పథకమా కంపెనీదా అన్నది రసీదులో స్పష్టంగా ఉండాలి. పెట్టె విప్పిన రోజే నాలుగు మూలల, హింజ్‌ల దగ్గరి ఫొటోలు తేదీతో తీసి ఉంచుకోండి. హింజ్ వైపు ఎప్పుడైనా టక్‌మని వినిపించినా, బీ ప్యానెల్ అంచు గోరు దూరేంత విడినా ఆ రోజు నుంచే వాడకం ఆపి చూపించండి. ఆ దశలో హింజ్ నట్టు కొంచెం వదులు చేసి మరను నిలబెడితే సరిపోతుంది, అలాగే వాడితే హింజ్ గుండా వెళ్లే డిస్‌ప్లే కేబులూ, చివరకు స్క్రీనూ పోతాయి. సర్వీస్ సెంటర్ ఫిజికల్ డ్యామేజ్ అంటే, ఏ గుర్తును బట్టి అలా తేల్చారో జాబ్‌షీట్ (రిపేరు వివరాలు రాసి ఇచ్చే కాగితం) మీద రాసిమ్మని అడగండి. ఒంటి మీద ఎక్కడా సొట్టగాని గీతగాని లేకుండా లోపలి బొడిపె మాత్రమే ఊడిందంటే, అది పడటం వల్ల కాదని వాదించడానికి మీ దగ్గర బలమైన ఆధారం ఉన్నట్టే. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, అక్కడ తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము లేదు, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. మీ పెద్దబ్బాయి ల్యాప్‌టాప్ విషయంలో ఆ రెండేళ్లు ఇంకా దాటకపోతే, జాబ్‌షీటు, రసీదు వెతికి ఈ వారంలోనే ఆ నంబరుకు ఫోన్ చేయండి.